కొట్లాడుకునే బొమ్మలతో తొలి చదువు పుస్తకం ఎలా తయారుచేయాలి

మా బడి కావలికి తూర్పున, సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంది. రెండో తరగతి పిలకాయలు గుణింతాలు గడగడా అప్పజెప్తారు. 'క కా కి కీ' అని పాటలా పాడేస్తారు. పుస్తకం తెరిచి ఒక్క వాక్యం చదవమంటే మాత్రం బొమ్మ వంక చూసి, తోచిందేదో చెప్పేస్తారు. పడవ బొమ్మ కనిపిస్తే చాలు, కింద ఏం రాసి ఉన్నా 'పడవ పోతా ఉంది సార్' అంటారు.

ఆ పిలకాయల కోసం నేను కొన్నేళ్లుగా చిన్న చిన్న పుస్తకాలు చేస్తున్నాను. పాత కామిక్ స్ట్రిప్పుల్లోని, అంటే పత్రికల్లో నాలుగైదు బొమ్మల వరసలో వచ్చే చిట్టి కథల్లోని పాత్రల్ని తీసుకుని ఎనిమిది పేజీల్లో, పదీ పదిహేను మాటల్లో ముగిస్తాను. మీ ఇంట్లో చదువు మొదలుపెట్టిన బిడ్డ ఉన్నా, మీరు బళ్ళో పాఠం చెప్పేవారైనా ఈ పని మీరూ చేసుకోవచ్చు. రెండు ఏ4 కాగితాలు, అట్టకు ఒక మందం కాగితం, దబ్బనం, దారం, ఒక ఆదివారం ఉంటే చాలు.

ముందుగా ఒక మాట. పీనట్స్ అనే అమెరికా స్ట్రిప్పులోని స్నూపీ కుక్క, చార్లీ బ్రౌన్ అనే పిల్లవాడిలాంటి పాత్రలతో ఇంగ్లీషులో మెట్లవారీగా తొలి చదువు పుస్తకాలు చాలా వచ్చాయి. వాటిని తెలుగులోకి తిప్పితే సరిపోతుందని మొదట్లో నేనూ అనుకున్నాను. సరిపోదు. ఇంగ్లీషులో మూడక్షరాల మాట తెలుగులోకి వచ్చేసరికి 'పరుగెత్తుతోంది' అయి కూర్చుంటుంది. ఆ ఒక్క మాటలోనే ఒత్తు, గుణింతం, సున్న మూడూ ఉన్నాయి. కూడబలుక్కుని దాని చివరికి చేరేసరికి బిడ్డ మొదలు మర్చిపోతాడు. పాత్రల్ని మాత్రం తెచ్చుకోండి, మాటలు మనవే రాసుకోవాలి.

బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో చూడండి

పలక తీసుకోండి. మార్కాపురం రాతి పలక దొరికితే మరీ మంచిది, దాని మీద బలపం గీత తెల్లగా, స్పష్టంగా పడుతుంది. బొమ్మ వేయకుండా ఒక్కో మాటే రాసి చూపించండి.

మొదట తలకట్టు మాటలు: అల, వల, పడవ, పలక. ఇవి చదివితే గుణింతం మాటలు: ఇసుక, ఎలుక, మేక, కాకి. తర్వాత అదే అక్షరం ఒత్తుగా వచ్చేవి: అమ్మ, పిల్లి, కుక్క, చెట్టు. చివరగా వేరే అక్షరం ఒత్తుగా వచ్చేవి: రాత్రి, పుస్తకం, సూర్యుడు. ఎక్కడ ఆగి మీ మొహం వైపు చూస్తాడో, దానికి ముందు మెట్టు మీద మీ పుస్తకం ఉండాలి. పై మెట్టు మాటలు ఒకటో రెండో ఉంటే పరవాలేదు. మూడో మాట వచ్చిందంటే పుస్తకం పక్కన పెట్టేస్తాడు.

'గుణింతాలన్నీ వచ్చు కదా, ఇంకా వెనక్కి పోవడం ఎందుకు?' అని తల్లిదండ్రులు అడుగుతుంటారు. వరసలో పాడడం వేరు, వరస తప్పించి 'సు' ఒక్కటే చూపిస్తే గుర్తుపట్టడం వేరు. అందుకే పలక మీద చూడమంటున్నాను.

స్ట్రిప్పు ఎంచుకోవడం

అసలు పనంతా ఇక్కడే ఉంది, కాబట్టి తొందరపడకండి.

కామిక్ స్ట్రిప్పుల్లో పాత్రలు ఎప్పుడూ దేనికో ఒకదానికి కీచులాడుకుంటూ ఉంటాయి. మన తొలి చదువుకు పనికొచ్చేది ఆ కీచులాటే. తెలుగులో పోట్లాట మాటలు ఎంత చిన్నవో ఒకసారి చూడండి: రా. రాను. పో. పోను. ఆగు. ఆగను. చూడు. చూడను. నాది. కాదు, నాదే. ఒక్కదానికీ ఒత్తు లేదు. అదే నెమ్మదిగా వర్ణించడం మొదలుపెట్టండి: 'వస్తున్నాడు', 'చూస్తోంది', 'కూర్చున్నారు'. వరసగా ఒత్తులే. ఆజ్ఞాపించడం, కాదనడం మన భాషలో చదవడానికి అన్నిటికన్నా తేలిక. బిడ్డ ఇంట్లో రోజంతా వినేవి, అనేవి కూడా అవే. నాలుగు బొమ్మల్లో ఇద్దరు వాదులాడుకునే స్ట్రిప్పు దొరికిందంటే సగం పుస్తకం తయారైనట్టే.

రెండో సంగతి, ఒకే సంఘటన మళ్ళీ మళ్ళీ జరగాలి. చార్లెస్ షుల్జ్ 1950 అక్టోబరు 2న మొదలుపెట్టి దాదాపు యాభై ఏళ్ళు గీసిన పీనట్స్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది. లూసీ బంతి పట్టుకుని కూర్చుంటుంది, చార్లీ బ్రౌన్ దాన్ని తన్నడానికి పరుగెత్తుకుంటూ వస్తాడు, చివరి క్షణంలో లూసీ బంతి లాగేస్తుంది, వాడు గాల్లోకి ఎగిరి వెల్లకిలా పడతాడు. లూసీ ఈ పని 1952లో మొదలుపెట్టింది, తర్వాత దాదాపు ఏటేటా చేసింది. దీన్ని తెలుగులో ఇలా పెట్టుకున్నాను:

'లాగవు కదా?'
'లాగను.'
'లాగవు కదా?'
'లాగను.'
'లాగావు!'

మాట ఒక్కటే, తోక మారింది. లాగవు, లాగను, లాగావు. 'వు'కూ 'ను'కూ ఎంత తేడా ఉందో, 'గ'కు దీర్ఘం పడితే కథే ఎలా తిరగబడిందో బిడ్డ కళ్ళారా చూస్తాడు. వ్యాకరణం పేరెత్తకుండానే క్రియ మీద పట్టు దొరుకుతుంది. ఈ ఐదు ముక్కలు మా బళ్ళో ఎన్ని రోజులు నాటకమాడారో! ఒకరు లూసీ, ఒకరు చార్లీ, బంతి బదులు చెప్పుల సంచి.

మూడో సంగతి అన్నిటికన్నా ముఖ్యం. బొమ్మ సగమే చెప్పాలి, మిగతా సగం మాట చెప్పాలి. బొమ్మ చూడగానే కథంతా తెలిసిపోయే స్ట్రిప్పయితే బిడ్డకు చదవాల్సిన పని లేదు, నవ్వేసి పేజీ తిప్పేస్తాడు. పాత్ర పలికే మాటలు రాసిన బుడగను వేలితో మూసి చివరి బొమ్మ చూడండి. నవ్వు వస్తే ఆ స్ట్రిప్పు వదిలేయండి. 'వీడేమన్నాడు?' అనిపిస్తే ఉంచుకోండి.

హక్కుల సంగతి

దీన్ని దాటేసి ముందుకు పోకండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బొమ్మ గీసినాయన పోయిన తర్వాత కూడా 60 ఏళ్ళ పాటు హక్కులుంటాయి. షుల్జ్ 2000లో పోయారు, కాబట్టి స్నూపీ మీద 2060 చివరిదాకా. బాపు గారు గీసిన బుడుగు బొమ్మ మీద, కార్టూనిస్టు ప్రాణ్ గీసిన చాచా చౌదరి మీద 2074 చివరిదాకా, ఇద్దరూ 2014లోనే పోయారు. ఇంట్లో మీ బిడ్డ కోసం ఒక ప్రతి చేసుకోవడానికి, తరగతిలో పాఠం చెప్తూ ఉపాధ్యాయుడు వాడుకోవడానికి 52వ సెక్షన్‌లో వీలుంది. అంతకు మించి అచ్చేసి మండలమంతా పంచాలన్నా, అమ్మాలన్నా, ఫోన్లలో తిప్పాలన్నా అనుమతి కావాలి.

పంచిపెట్టే ఉద్దేశం ఉంటే ఇంకా పాతవాటి వైపు వెళ్ళండి. విన్సర్ మెకే గీసిన లిటిల్ నీమో 1905లో మొదలైంది, మెకే 1934లో పోయారు. ప్రతి కథలో నీమో అనే పిల్లవాడికి ఒక వింత కల వస్తుంది, చివరి బొమ్మలో మెలకువ వస్తుంది. 'కల' అన్న మాటకు గుణింతం కూడా లేదు. ప్రతి పుస్తకం చివరి పేజీలో 'నీమో లేచాడు' అని రాస్తే చాలు, మూడో పుస్తకానికి ఆ పేజీ పిలకాయలే చదివేస్తారు. 1929లో పుట్టిన పొపాయ్ పడవమనిషి కాబట్టి మా తీరం పిలకాయలకు అతను బాగా దగ్గర. పడవ, అల, వల, పాలకూర, అన్నీ ఒత్తులేని మాటలే. దాన్ని గీసిన సీగర్ 1938లో పోయారు. సీగర్ స్వయంగా గీసినవే తీసుకోండి, ఆయన తర్వాత వేరేవాళ్ళు గీసినవి వద్దు. పొపాయ్ పేరు అట్ట మీద వేసి అమ్మాలంటే ట్రేడ్‌మార్కు సంగతి వేరే ఉంటుంది, అమ్మకం జోలికి పోకపోవడమే మేలు.

నాకు ఎక్కువగా పనికొచ్చింది జార్జ్ హెరిమన్ గీసిన క్రేజీ క్యాట్. అది 1913 నుంచి 1944 దాకా నడిచింది, హెరిమన్ కూడా 1944లోనే పోయారు. ముఖ్యమైన పాత్రలు మూడే: పిల్లి, ఎలుక, పోలీసు కుక్క. ఎలుకకు పిల్లి అంటే పడదు, కనిపిస్తే ఇటుక పెట్టి కొడుతుంది. పిల్లి మాత్రం ఆ ఇటుక తన మీద ప్రేమతోనే విసిరిందని మురిసిపోతుంది. పోలీసు కుక్కేమో పిల్లి మీద ఇష్టంతో ఎలుకను పట్టుకుపోయి జైల్లో పెడుతుంది. ఇదంతా ఇసుక ఎడారిలో జరుగుతుంది. పిల్లి ఆడో మగో హెరిమన్ తేల్చి చెప్పలేదు, తెలుగులో 'వచ్చింది' అంటే సరిపోతుంది కాబట్టి మనకు ఆ ఇబ్బంది లేదు.

పదిహేను మాటల పుస్తకం

ఎలుక, ఇటుక, ఇసుక. ఈ మూడు మాటల్నీ పక్కపక్కన రాసి చూడండి. మూడూ మూడక్షరాలే, చివర 'క', దాని ముందు కొమ్ము. ఊహించి చదివే బిడ్డ ఇక్కడ ఆగాల్సిందే. ఇటుకో ఇసుకో తెలియాలంటే నడిమి అక్షరం చూడక తప్పదు. ఇంత చక్కటి వరస తెలుగులో నాకు మళ్ళీ దొరకలేదు. మొదటి పుస్తకంలో రెంటినీ వాడాను, ఇసుకను రెండో పుస్తకానికి దాచాను. ఆ మొదటి పుస్తకం ఇది:

ఒకటో పేజీ: ఎలుక.
రెండో పేజీ: ఎలుక. ఇటుక.
మూడో పేజీ: పిల్లి. బుడగలో 'ఎలుకా! ఎలుకా!'
నాలుగో పేజీ: 'రా ఎలుకా, రా.' 'రాను. పో.'
ఐదో పేజీ: 'పోను.' 'పో!' 'పోను!'
ఆరో పేజీ: ఎలుక ఇటుక విసిరింది.
ఏడో పేజీ: బొమ్మలో తల మీద బొప్పి, కళ్ళలో సంతోషం, ఇటుక గుండెలకు హత్తుకున్న పిల్లి. 'ఇటుక నాదే!'
ఎనిమిదో పేజీ: కుక్క. 'ఎలుకా, పద. ఇటుక ఏది?' బొమ్మలో ఇటుకను తన వెనక దాచుకుని నిలబడ్డ పిల్లి, 'ఇటుకా? లేదు.'

లెక్కపెట్టండి, వేరు వేరు మాటలు పదిహేను. ఒత్తున్నవి రెండే, పిల్లి, కుక్క. చివరి పేజీలో మాటలు మూసేస్తే ఒక కుక్క, ఒక ఎలుక, ఒక పిల్లి నిలబడి ఉంటాయి, అంతే. 'లేదు' అని చదివితేనే పిల్లి ఎలుకను కాపాడుతోందని తెలుస్తుంది. చదవడానికి వెనకాడే ఒక పిల్ల ఆ మాట మీద రెండు నిమిషాలు వేలు పెట్టి, 'లే... దు... లేదు!' అని, గబుక్కున తలెత్తి 'సార్, పిల్లి దాచిపెట్టుకుని లేదంటా ఉంది!' అని అరిచింది. ఆ పిల్ల నోటి నుంచి బొమ్మను బట్టి కాకుండా అక్షరాన్ని బట్టి వచ్చిన మొదటి మాట అది.

మాటల లెక్కలో ఒక మెలిక ఉంది. అమెరికా పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ 1957లో టోపీ పెట్టుకున్న పిల్లి పుస్తకాన్ని 236 వేరు వేరు మాటలతో రాశారని చదివి, మనమూ రెండు వందలు వాడొచ్చు అనుకోకండి. 'ఇల్లు, ఇంట్లో, ఇంటికి, ఇళ్ళు' మనకు ఒకే మాట. కొత్తగా చదివే బిడ్డకు నాలుగు వేరు వేరు ఆకారాలు. అందుకే పైన 'ఎలుక', 'ఎలుకా' రెంటినీ విడివిడిగా లెక్కపెట్టాను. ఎనిమిది పేజీలకు ఇరవై ఆకారాలు దాటనివ్వకండి. ముఖ్యమైన మాట కనీసం నాలుగుసార్లు రావాలి.

బుడగలో ఇంటి మాట రాయండి. మా వైపు పిలకాయలు 'ఏమిటి' అనరు, 'ఏంది' అంటారు. బుడగలో 'ఏంది' అనే రాస్తాను. బుడగ బయట కథ చెప్పే వాక్యం మాత్రం పాఠ్యపుస్తకం భాషలోనే ఉంటుంది. రెంటికీ తేడా ఉందని పిలకాయలు తమంతట తామే కనిపెడతారు. కథ చెప్పే వాక్యాన్ని జరిగిపోయినట్టు రాయండి: విసిరింది, వచ్చింది, పోయింది. 'విసురుతోంది' కన్నా 'విసిరింది' చదవడం సులువు.

ఇటుక పెట్టి కొట్టడమేంటి, పిలకాయలు నేర్చుకోరా అని ఒక తల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పుస్తకం అయ్యాక 'పిల్లికి నొప్పి పుట్టిందా? నువ్వయితే ఏం చేస్తావు?' అని కూర్చుని మాట్లాడండి. అయినా మనసొప్పకపోతే ఎలుక చేతికి టమాటా ఇవ్వండి, కథ చెడదు. ఎలుక, ఇటుకల జత మాత్రం పోతుంది.

గీయడం, అక్షరాలు వేయడం

బొమ్మలు గీయడం రాకపోయినా దిగులు లేదు. స్ట్రిప్పును పెద్దది చేసి ప్రింటు తీసుకుని, పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి, పైన తెల్లకాగితం పెట్టి పెన్సిలుతో దిద్దండి. వెనక ఉన్న కొండలు, చెట్లు వదిలేయండి. పేజీకి ఒకటో రెండో పాత్రలు, అవి పట్టుకున్న వస్తువు, కింద ఒక నేల గీత. బిడ్డ కన్ను తిరగాల్సింది మాట చుట్టూనే.

అక్షరాలు చేత్తో వేస్తే ఒక్కోటి కనీసం ఒక సెంటీమీటరు ఎత్తుండాలి. వరసకూ వరసకూ మధ్య ఇంకో వరస పట్టేంత ఖాళీ వదలండి, మన ఒత్తులు, కొమ్ములు కిందికీ పక్కకూ పోతాయి కదా. ముందు అక్షరాలు రాసి, ఆ తర్వాతే వాటి చుట్టూ బుడగ గీయండి. బుడగ ముందు గీస్తే చివరి అక్షరం ఇరుక్కుపోతుంది. మాటను విరిచి రెండో వరసలోకి తేవద్దు. మొదట మాట్లాడే పాత్ర బుడగ ఎడమవైపు, కాస్త పైన ఉండాలి.

కంప్యూటరులో వేస్తే మండలిలాంటి గుండ్రటి, సాదా యూనికోడ్ ఫాంటు, 32 పాయింట్ల సైజు. షాపుకు ఫైలు తీసుకెళ్ళేటప్పుడు పీడీఎఫ్ చేసి తీసుకెళ్ళండి. నేను ఒకసారి వర్డ్ ఫైలు పట్టుకుని పోయాను. అక్కడి కంప్యూటరులో ఒత్తులన్నీ ఊడిపోయి పక్కన పడ్డాయి, నేను చూసుకోలేదు. 'పిల్లి' కాస్తా 'పిల్‌లి' అయి నలభై ప్రతులు వచ్చాయి. ఒత్తు మొదటిసారి చూడబోయే పిలకాయలకు దాన్ని ఎలా ఇస్తాం? మొత్తం పక్కన పడేసి మళ్ళీ వేయించాను. ముందు ఒక్క ప్రతి తీయించి, అక్కడే నిలబడి ప్రతి మాటా చదివి, ఆ తర్వాతే మిగతావి తీయమనండి.

మడత, కుట్టు

రెండు ఏ4 కాగితాలు మధ్యకు మడిస్తే ఎనిమిది పేజీలు. ఏ పేజీ ఎక్కడ రావాలో తికమక పడకుండా ఒక గుర్తు పెట్టుకోండి: ఒక వైపున పక్కపక్కనున్న రెండు పేజీల అంకెలు కలిపితే తొమ్మిది రావాలి. పైకాగితం ఒక వైపు ఎడమన 8, కుడిన 1. దాని వెనక ఎడమన 2, కుడిన 7. లోపలి కాగితం ఒక వైపు 6, 3. దాని వెనక 4, 5. పుస్తకం పెద్దదై పదహారు పేజీలయితే నాలుగు కాగితాలు, కూడిక పదిహేడు.

మామూలు జిరాక్సు కాగితం వద్దు, వెనక పేజీ బొమ్మ ముందుకు కనిపించి బిడ్డను తికమకపెడుతుంది. కాస్త మందంగా ఉండే 100 జీఎస్ఎం కాగితం అడగండి. స్టేప్లరు పిన్ను చిన్న వేళ్ళకు గుచ్చుకుంటుంది, అందుకే నేను కుట్టిస్తాను. మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు వేసి, నడిమి రంధ్రంలో మొదలుపెట్టి పైకీ కిందికీ పోనిచ్చి, మళ్ళీ నడిమికి తెచ్చి ముడి వేయడమే. మా పిలకాయల అయ్యలు వలకు వాడే నైలాను దారం ఇస్తారు, ఆ కుట్టు ఊడదు.

చదివించడం

మొదటి రోజు పుస్తకమంతా మీరే చదవండి, ప్రతి మాట కిందా వేలు పెట్టి, గొంతులు మార్చి. రెండో రోజు ఎలుక మాటలు బిడ్డవి, పిల్లివి మీవి. 'రాను', 'పో' ఎలుకవే కాబట్టి ఆ వేషం కోసం పోటీ పడతారు. మూడో రోజు వేషాలు మార్చుకోండి. నాలుగో రోజు చిన్న అట్టముక్కతో బొమ్మలు మూసి, మాటలు మాత్రమే చదివించండి. ఇక్కడ తడబడితే మూడో రోజుకు వెనక్కి రండి, ఏమీ తప్పు కాదు.

తప్పు చదివితే వెంటనే అందించకండి. 'ఇటుక' బదులు 'ఇసుక' అన్నాడనుకోండి, 'ఇసుక విసిరితే బొప్పి కడుతుందా నాయనా?' అని అడగండి. మళ్ళీ మాట వైపు చూస్తాడు, నడిమి అక్షరం కనిపిస్తుంది.

వారం గడిచాక, బొమ్మలు అవే ఉంచి బుడగలు ఖాళీగా వదిలిన ప్రతి ఒకటి పెన్సిలుతో పాటు చేతికివ్వండి. అక్షరదోషాలు దిద్దకండి, ఏం రాశాడో అదే పైకి చదివించండి. నిరుడు ఒక పిల్లవాడు ఐదో పేజీలో ఎలుక బుడగ నిండా 'పో పో పో పో' అని రాసి, పిల్లి బుడగలో సన్నగా ఒక్క మాట రాశాడు: 'ఆకలి'.